సమాధుల దొడ్డి తాళం తీయండి: శ్రీకాకుళం జిల్లా కాపరులకూ సంఘ పెద్దలకూ బహిరంగ లేఖ

గౌరవనీయులైన కాపరులకు, సంఘ పెద్దలకు, ట్రస్టు కమిటీల వారికి, మండలాల్లోని పాస్టర్ల ఫెలోషిప్పుల బాధ్యులకు,

మన ప్రభువైన యేసుక్రీస్తు నామంలో వందనాలు.

ఈ ఉత్తరం ముందు మా సంఘ పెద్దలకే రాశాను. ఒకసారి చేతికిచ్చాను. రెండోసారి రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. మూడోసారి రెండు వర్గాల కాపరులకూ విడివిడిగా ఇచ్చి, అందినట్టు సంతకాలు కూడా తీసుకున్నాను. పద్నాలుగు నెలలైంది. ఒకరు పలకలేదు. ఇంకొకరు "ప్రార్థన చేద్దాం సిస్టర్" అన్నారు. ముప్పై రెండేళ్ళు ప్రభుత్వ బడిలో పనిచేసిన దాన్ని, "పరిశీలిస్తాం" అని రాసిన ఫైలు ఎక్కడికి పోతుందో నాకు తెలుసు. మన దగ్గర "ప్రార్థన చేద్దాం" అన్న మాటక్కూడా ఇప్పుడు అదే గతి పట్టింది. అందుకే అందరి ముందూ పెడుతున్నాను.

మాది పలాస వైపు, ఉద్దానంలో ఒక ఊరు. ఊరి పేరు రాయడం లేదు, నా పేరూ రాయడం లేదు. రాస్తే "ఈవిడ ఏ గ్రూపు?" అన్న లెక్క మొదలవుతుంది, ఉత్తరం పక్కన పడుతుంది. పైగా ఇది మా ఒక్క ఊరి సంగతే అయితే ఇంతమందికి రాయక్కర్లేదు. విజయనగరం వైపు మా చుట్టాలకు ఫోన్ చేసి మా బాధ చెప్పుకుంటే, "అక్కా, మా దగ్గరా అంతే" అని వాళ్ళ కథ మొదలుపెట్టారు.

ముందు జరిగింది చెబుతాను.

మా సంఘానిది పాత గుడి, మా తాతల కాలంలో కట్టింది. పక్కన అయ్యగారి ఇల్లు, వెనక బావి, రోడ్డు మీదికి నాలుగు షాపు గదులు. ఊరి చివర ఎకరం లోపు సమాధుల దొడ్డి. మూడేళ్ళ కిందట సంఘం రెండు ముక్కలైంది. బయటివాళ్ళు అడిగితే "బోధలో తేడా వచ్చింది" అంటున్నాం. గొడవంతా ఆ నాలుగు షాపుల అద్దె మీద, బ్యాంకు ఖాతాలో సంతకం ఎవరిదన్న దాని మీద అని లోపల అందరికీ తెలుసు. ఒక వర్గం గుడిలో ఉండిపోయింది. రెండో వర్గం కిలోమీటరు అవతల రేకుల షెడ్డు వేసుకుంది. కేసు కోర్టులో ఉంది. గుడి, రిజిస్టర్లు, సమాధుల దొడ్డి గేటు తాళం చెవి గుడి వర్గం చేతిలో ఉన్నాయి. షెడ్డు వర్గం కూడా తక్కువ తినలేదు. వెళ్తూ వెళ్తూ సౌండ్ బాక్సులు, డ్రమ్ములు, క్రిస్మస్ భోజనాలకు వాడే పెద్ద డేగిసాలు రాత్రికి రాత్రి ఆటో ఎక్కించింది.

తప్పు ఎవరిదో తేల్చమని నేను అడగడం లేదు. దానికి జడ్జిగారున్నారు. కేసు తేలేలోపు మామూలు కుటుంబాల మీద ఏం పడుతోందో అది మీరు వినాలి.

1. చనిపోయినవాళ్ళను పెట్టుకోవడానికి చోటు లేకుండా పోయింది.

పోయిన ఏడాది వానాకాలం. మా వీధిలో ఒకాయన ఉండేవాడు. కొబ్బరి దింపు పనికి వెళ్ళేవాడు. ఉద్దానంలో చాలా ఇళ్ళలోకి వచ్చినట్టే కిడ్నీ జబ్బు వాళ్ళింట్లోకీ వచ్చింది. నాలుగేళ్ళు డయాలసిస్. భార్య పలాసలో జీడి పిక్కలు కొట్టే పనికి వెళ్తుంది, కొడుకు చెన్నైలో బిల్డింగుల పనిలో ఉన్నాడు. ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళి తెచ్చే ఆటో కుర్రాడు షెడ్డు సంఘంలో మనిషి. ఆటో బాడుగ తీసుకునేవాడు కాదు. ఆదివారం అదే ఆటోలో ఆయన్ని ప్రార్థనకు కూడా తీసుకెళ్ళేవాడు. ఈయన షెడ్డుకు వెళ్ళడానికి కారణం అదొక్కటే. ఎవరి బోధ సరైనదో తేల్చుకునే ఓపిక ఆ మనిషిలో మిగల్లేదు. ఆయన బాప్తిస్మం పాత గుడిలో, పెళ్ళి పాత గుడిలో. తల్లీ తండ్రీ ఇద్దరూ ఆ దొడ్లోనే ఉన్నారు.

ఒక సాయంత్రం చనిపోయాడు. కొడుకు చెన్నైలో రైలెక్కాడు. పొద్దున్నే గొయ్యి తవ్వడానికి పలుగూ పారా పట్టుకుని వెళ్ళిన కుర్రాళ్ళు గేటుకు తాళం చూసి వెనక్కొచ్చారు. తాళం చెవి ఉన్న పెద్దాయన దగ్గరికి నేనూ వెళ్ళాను. కుటుంబం కమిటీకి క్షమాపణ పత్రం రాయాలి, మూడేళ్ళ సంఘ చందా బాకీ కట్టాలి, షెడ్డు పాస్టరు దొడ్లో అడుగుపెట్టకూడదు, ఇవీ ఆయన షరతులు. నేను బతిమాలాను. నా దగ్గర చదువుకున్నవాడే ఆయన. తల దించుకున్నాడు గానీ చెవి ఇవ్వలేదు. "కమిటీ తీర్మానం టీచరమ్మా" అన్నాడు.

మధ్యాహ్నం దాటింది. వాన ఆగడం లేదు. ఐస్ బాక్సు అద్దె గంట గంటకూ పెరుగుతోంది. ఆయన భార్య నా చెయ్యి పట్టుకుని, "వాలమ్మ పక్కన పెట్టమన్నాడు టీచరమ్మా. ఇప్పుడు ఎక్కడికి తీసుకెల్లాలి?" అంది. నా దగ్గర సమాధానం లేదు.

అప్పుడు పక్క జీడితోట రైతు వచ్చాడు. క్రైస్తవుడు కాడు. ఏటా రథసప్తమికి అరసవల్లి వెళ్ళే మనిషి. గొడుగు మడిచి అరుగు మీద పెట్టి, "మా తోట చివర పెట్టుకోండమ్మా. ఎవులడుగుతారు?" అన్నాడు. సాయంత్రం అయిదింటికి అక్కడే పెట్టాం. మట్టి వేస్తుంటే అవతల గేటు కనబడుతూనే ఉంది. ఆ గేటు లోపల ఆయన తల్లి సమాధి.

అయ్యగార్లూ, మీరు నాకంటే బైబిలు చదివినవాళ్ళు. ఆదికాండం ఇరవై మూడో అధ్యాయం ఒక్కసారి మళ్ళీ తెరవండి. శారా చనిపోయింది. అబ్రాహాము పరదేశి, సెంటు భూమి లేదు. ఆయన అడిగింది హేతు కుమారుల్ని. వాళ్ళు ఆయన దేవుణ్ణి కొలిచేవాళ్ళు కారు. అయినా మా శ్మశానభూముల్లో మంచిది చూసుకుని అందులో పెట్టుకో, మాలో ఎవరూ నీకు కాదనరు అన్నారు. అబ్రాహాము నాలుగు వందల తులాల వెండి తూచి ఇచ్చి మక్పేలా కొన్నది తర్వాతి సంగతి. ముందు వచ్చిన మాట మాత్రం అది. మా ఊళ్ళో ఆ మాట జీడితోట రైతు నోటి నుంచి వచ్చింది.

ఇంకా ముందుకు వెళ్ళండి. ఇంట్లోంచి గెంటేసిన ఇష్మాయేలు, ఇంట్లో ఉండిపోయిన ఇస్సాకు. ఇద్దరూ కలిసి తండ్రి అబ్రాహామును పాతిపెట్టారని ఇరవై అయిదో అధ్యాయం చెబుతుంది. ఇస్సాకు కొడుకులు ఏశావు, యాకోబు సంగతీ అంతే. ఒకడు రెండోవాణ్ణి చంపుతానని తిరిగినవాడు. ఇస్సాకు చనిపోతే ఇద్దరూ కలిసే పాతిపెట్టారు. ఆ అన్నదమ్ములు తర్వాత ఒకే ఇంట్లో కాపురం ఉన్నారని ఎక్కడా లేదు, ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయారు. శవం దగ్గర మాత్రం తగువు తేలేదు. అంతకంటే ఎక్కువ నేను మిమ్మల్ని అడగడం లేదు.

2. కాగితాలు ఇరుక్కుపోయాయి.

బాప్తిస్మం రిజిస్టరు, పెళ్ళి రిజిస్టరు గుడి బీరువాలో ఉన్నాయి. ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి వచ్చిన కుటుంబాలు మన రాష్ట్రంలో బీసీ-సీ కింద వస్తాయి. పిల్లల కాలేజీ సీటుకో స్కాలర్‌షిప్పుకో ఆ సర్టిఫికెట్ కోసం వెళ్ళినప్పుడు మా వాళ్ళను బాప్తిస్మ పత్రం తెమ్మన్నారు. షెడ్డుకు వెళ్ళే కుటుంబాలకు ఆ పత్రం ఇవ్వడం మానేశారు. ఒక అమ్మాయి తండ్రి అయిదు ఆదివారాలు ఆరాధన అయ్యేదాకా గుడి బయట చెప్పుల దగ్గర నిలబడ్డాడు. అయిదో వారం ఇచ్చారు. అప్పటికి అప్లికేషన్ గడువు అయిపోయింది. ఆ పిల్ల ఈ ఏడాది బట్టల షాపులో పనిచేస్తోంది. తెలివైన పిల్ల, లెక్కల్లో నాకంటే చురుకు.

3. పెళ్ళిళ్ళు.

మా లాంటి సంఘాల్లో 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం కింద లైసెన్సు ఉన్న కాపరి చేసి, రిజిస్టరులో రాస్తేనే ఆ సర్టిఫికెట్‌కు విలువ. షెడ్డు పాస్టరుగారికి లైసెన్సు లేదు. ఆయన ఆ సంగతి పెళ్ళివారికి ముందు చెప్పరు, ఇది వాళ్ళ తప్పు. లైసెన్సు ఉన్న గుడి అయ్యగారు అవతలి వర్గం పిల్లకు చేయరు, ఇది వీళ్ళ తప్పు. మధ్యలో నలిగింది ఒక జంట. అబ్బాయికి గల్ఫ్‌లో పని. పాస్‌పోర్టులో భార్య పేరు ఎక్కించుకోవడానికి వెళ్తే సర్టిఫికెట్ తెమ్మన్నారు. చివరికి ప్రత్యేక వివాహ చట్టం కింద నెల రోజుల నోటీసు పెట్టుకుని, సెలవు పొడిగించుకుని, సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో తెచ్చుకున్నారు. పందిట్లో మూడు వందల మంది ముందు ప్రమాణం చేసిన పెళ్ళికి సాక్షుల కోసం ఆఫీసు బయట మనుషుల్ని వెతుక్కున్నారు.

4. ప్రభువు బల్ల.

దీని గురించి రాయడానికి నాకు చెయ్యి ఆడడం లేదు. ఎనభై దాటిన ఒక మామ్మ, కాలు విరిగి మంచం మీద ఉంది. అంతకుముందు నెల మొదటి ఆదివారం అయ్యగారు ఇంటికే వచ్చి రొట్టె, ద్రాక్షారసం ఇచ్చి వెళ్ళేవారు. కొడుకు షెడ్డుకు వెళ్తున్నాడని రావడం ఆపేశారు. షెడ్డు పాస్టరుగారు వస్తానన్నారు గానీ, మామ్మ తలకు ఒకప్పుడు నీళ్ళు చిలకరించారు కాబట్టి ఆ బాప్తిస్మం చెల్లదు, ముందు ముంచి ఇవ్వాలి అన్నారు. విరిగిన కాలితో ఆమెను ఏ చెరువులో ముంచుతారు? మామ్మ మాత్రం ఇద్దరిమీదా ఒక్క మాట అనలేదు. మొదటి ఆదివారం వస్తే తల దువ్వించుకుని, ఉతికిన చీర కట్టించుకుని గుమ్మం వైపు చూస్తుంటుందట. కోడలు చెప్పింది.

కొరింథు సంఘంలో ఒకడు ఆకలితో ఉంటే ఇంకొకడు మత్తుగా ఉన్నాడని పౌలు కోప్పడ్డాడు. ప్రభువు శరీరమని వివేచించకుండా తినేవాడు శిక్షావిధికే తింటున్నాడన్న మాట అక్కడిదే. ఆ మాటను మనం ప్రతి నెలా జనానికి చదివి భయపెడతాం. రాసింది మాత్రం పక్కవాళ్ళ కోసం ఆగకుండా ముందే తినేసిన వాళ్ళ గురించి.

5. డబ్బు.

మా ఆడవాళ్ళు రోజూ అన్నానికి బియ్యం కడిగే ముందు ఒక పిడికెడు తీసి డబ్బాలో వేస్తారు. ఆదివారం అది గుడికి వస్తుంది. వేలం వేస్తే వచ్చిన డబ్బు విధవరాళ్ళకు, జబ్బుపడినవాళ్ళకు అని మొదట పెట్టిన నియమం. ఇప్పుడు రెండు చోట్లా పిడికెడు బియ్యం వస్తోంది, రెండు చోట్లా లాయరు ఫీజుకు పోతోంది. ఎంత పోయిందని అడిగితే రెండు చోట్లా లెక్క చెప్పలేదు. ఈ ఒక్క విషయంలో వాళ్ళ మధ్య సంపూర్ణ ఐక్యత ఉంది.

6. పిల్లలు. ఆదివారపు బడిలో పక్కపక్కన కూచున్న గుంటలు ఇప్పుడు బస్సులో మాట్లాడుకోవడం లేదు. ఇంట్లో పెద్దవాళ్ళు వద్దన్నారట.

ఇవీ సంగతులు. మీ నుంచి రాబోయే జవాబులు కూడా నాకు కొంత తెలుసు. మూడేళ్ళుగా వింటున్నాను కదా.

మొదటి జవాబు: "ఇది సిద్ధాంతం, రాజీ పడలేం." సిద్ధాంతాల్లో తేడాలున్నాయని నాకు తెలుసు. చిలకరించడమా ముంచడమా, శనివారమా ఆదివారమా, భాషలతో మాట్లాడటమా వద్దా, నగలు పెట్టుకోవచ్చా. వీటి మీద నిజాయితీగా విడిపోయినవాళ్ళను నేను తక్కువ చేయను. కానీ సిద్ధాంతం వేరైనవాళ్ళు ఒకరి పని ఒకరు ఎలా మోశారో మన ప్రాంతం చరిత్రలోనే ఉంది. 1805లో లండన్ మిషనరీ సొసైటీ వాళ్ళు జార్జ్ క్రాన్, అగస్టస్ దె గ్రాంజ్ విశాఖపట్నంలో దిగారు. ఆనందరాయర్ అనే బ్రాహ్మణ క్రైస్తవుడి సాయంతో సువార్తల్ని తెలుగు చేశారు. 1810 నాటికి ఇద్దరూ చనిపోయారు. వాళ్ళు తెలుగు చేసిన మత్తయి, మార్కు, లూకా సువార్తల్ని 1812లో అచ్చువేసింది బెంగాలులోని సేరంపూరు బాప్టిస్టులు. విశాఖ వాళ్ళు పసిపిల్లలకు బాప్తిస్మం ఇచ్చేవాళ్ళు, సేరంపూరు వాళ్ళు అది తప్పనేవాళ్ళు. "ముందు మీ బోధ మార్చుకోండి, తర్వాత అచ్చు సంగతి చూద్దాం" అని ఉంటే ఆ కాగితాలు చెదలు తినేవి.

మన శ్రీకాకుళం, పర్లాకిమిడి నేల మీద తిరిగిన పురుషోత్తమ చౌదరి గారు (1803–1890) 1833లో కటకంలో బాప్తిస్మం తీసుకున్నారు. ఆయన కీర్తనలు బాప్టిస్టులు పాడతారు, లూథరన్లు పాడతారు, సీఎస్ఐ వాళ్ళు పాడతారు. మా ఊళ్ళో గుడిలోనూ పాడతారు, షెడ్డులోనూ పాడతారు. ఆదివారం పొద్దున ఆ రెండిటి మధ్య రోడ్డు మీద నడుస్తుంటే ఒక్కోసారి ఒకే కీర్తన రెండు వైపుల నుంచీ వినిపిస్తుంది. షెడ్డు వాళ్ళు కొంచెం త్వరగా పాడతారు, డ్రమ్ములు అటున్నాయి కదా.

ఇంకో సంగతి. ఈ పేర్లు చాలావరకు మనం పెట్టుకున్నవి కావు. ఏ ఊళ్ళోకి ఏ ఓడ మిషను ముందొస్తే ఆ ఊరివాళ్ళు ఆ పేరు కింద చేరారు. 1870లలో కెనడా బాప్టిస్టులు ఈ వైపు వచ్చారు కాబట్టి ఇక్కడ మనలో చాలామంది బాప్టిస్టులం. 1919లో తమిళనాడు వైపు తరంగంబాడిలో కొందరు భారతీయ క్రైస్తవ నాయకులు సమావేశమై, ఈ విభజనలు మనవి కావు, బయటి నుంచి మన మీద పడ్డవి అని ప్రకటించారు. దానికి ముందు నిలిచినవారిలో దోర్నకల్లు బిషప్పు అజరయ్య గారు ఒకరు. అక్కడ మొదలైన మాట ఒక కొలిక్కి రావడానికి ఇరవై ఎనిమిదేళ్ళు పట్టింది. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ) ఏర్పడింది. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు అందులో కలిశారు. బిషప్పు లేనిదే సంఘం లేదనేవాళ్ళు, అసలు బిషప్పే వద్దనేవాళ్ళు ఒకే కప్పు కిందికి వచ్చారు. అజరయ్య గారు అది చూడలేదు, 1945లోనే పోయారు. ఆ పెద్దలు కూర్చుని తేల్చుకున్నవి అంత బరువైన ప్రశ్నలు. మా ఊళ్ళో ఉన్నవి నాలుగు షాపు గదులు, అందులో ఒకటి సెల్‌ఫోన్ రిపేరు కొట్టు.

సిద్ధాంతమే అని ఇంకా అంటారా, అయితే ఒక్కటి చూడండి. గుడిలో ఉండిపోయిన ఇళ్ళూ షెడ్డుకు వెళ్ళిన ఇళ్ళూ ఒక కాగితం మీద రాయండి. చాలావరకు వీధుల వారీగా విడిపోయి ఉంటాయి. మన ఊళ్ళలో వీధి అంటే ఏమిటో నేను విడమర్చి చెప్పక్కర్లేదు. ఒకే బల్ల దగ్గర నలభై ఏళ్ళు చేయి చాపి, పిల్లల పెళ్ళి మాట వచ్చేసరికి "వాళ్ళు వేరే కదా" అనుకున్న రోజే మా సంఘం సగం చీలింది. షాపుల అద్దె తర్వాత వచ్చిన సాకు.

రెండో జవాబు: "మేం ఏటా ఐక్య క్రిస్మస్ చేస్తున్నాం కదా." చేస్తున్నారు. నేనూ వస్తున్నాను. ఎమ్మెల్యే గారు కేకు కోస్తారు, అన్ని సంఘాల పాస్టర్లూ తెల్లబట్టల్లో వరసగా నిలబడతారు, శాలువాలు, ఫోటో. మా ఊరి గుడి అయ్యగారూ షెడ్డు పాస్టరుగారూ ఆ ఫోటోలో ఒకరి పక్కన ఒకరున్నారు, నా ఫోనులో ఉంది. అది డిసెంబరు. ఆ మరుసటి వానాకాలంలోనే నేను పైన చెప్పిన చావు. ఆ స్టేజీ మీద నిలబడిన పాతిక మందిలో ఒక్కరు ఆ రోజు మా ఊరి గేటు దగ్గరికి రాలేదు. కబురు అందింది, ఫోన్లు చేశాం. "అది వాళ్ళ సంఘం లోపలి విషయం" అన్నారు.

లోపలి విషయమా? 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చిన రాత్రి మా గుడికి స్లాబు ఉందని ఊరు ఊరంతా లోపలికి వచ్చింది. బాప్టిస్టులు, పెంతెకొస్తు వాళ్ళు, కేథలిక్కులు, అసలు ఏ గుడికీ రానివాళ్ళు, రెండు మేకలు. తెల్లవారితే పదకొండో తేదీ. బయటికొచ్చి చూస్తే కొబ్బరి చెట్లు వరసగా పడి ఉన్నాయి, జీడితోటలు వేళ్ళతో సహా లేచిపోయాయి. గుడిలోనే పొయ్యి పెట్టి వండాం, ఎన్నో రోజులు. ఎవరిది ఏ గ్రూపు అని ఎవరూ అడగలేదు. అప్పుడు గంట కొట్టి అందర్నీ లోపలికి పిలిచిన పెద్దాయన దగ్గరే ఇప్పుడు దొడ్డి తాళం చెవి ఉంది. మనిషి చెడ్డవాడు కాడని చెప్పడానికే ఇది రాశాను. కమిటీ తీర్మానం అన్న మాట వెనక ఆ మనిషి కనబడకుండా పోయాడు.

ఇక నేను అడుగుతున్నవి. రెండు సంఘాలూ ఒక్కటైపోవాలని అడగడం లేదు. నీవు ఎడమకు వెళ్తే నేను కుడికి వెళ్తానని అబ్రాహాము లోతుతో అన్నాడు, అదీ బైబిల్లోదే. విడిగా ఉండాలనుకుంటే ఉండండి. ఈ కిందివి మాత్రం చేయండి.

1. సమాధుల దొడ్డి గేటు తాళం తీయండి. పశువులు రాకుండా గడియ చాలు. తాళం తప్పదంటే, రెండు వర్గాల నుంచీ ఇద్దరిద్దరు, అందులో కనీసం ఇద్దరు ఆడవాళ్ళు, ఈ నలుగురి దగ్గరా తలా ఒక చెవి ఉండాలి. వాళ్ళ ఫోన్ నంబర్లు గేటు మీద రాయాలి. చందా బాకీ ఉందని, అవతలి సంఘానికి వెళ్ళాడని, ఏ కాపరి ప్రార్థన చేస్తాడన్న పేచీతో ఏ శవాన్నీ ఆపబోమని రెండు కమిటీలూ కాగితం మీద సంతకం పెట్టి, ఆదివారం ఆరాధనలో చదివి వినిపించాలి. కోర్టులో దొడ్డి హక్కు ఎవరికి వచ్చినా ఆ కాగితం చెల్లాలి.

2. తోట చివర పెట్టిన మనిషి విషయం ఆయన భార్య ఇష్టం. ఆమె అక్కడే ఉండనివ్వమంటే, అక్కడికి వెళ్ళి రెండు సంఘాల కాపరులూ కలిసి ప్రార్థన చేయాలి. రైతుకు కృతజ్ఞత చెప్పాలి. ఇంతవరకు ఏ వర్గం తరఫునా ఎవరూ చెప్పలేదు.

3. పాత రిజిస్టర్లు మొత్తం ఫోటోలు తీయించి రెండు చోట్లా ఒక్కో ప్రతి పెట్టండి. పత్రం అడిగిన వారం లోపల ఇవ్వాలి. ఫోటోల ఖర్చు నేను పెట్టుకుంటాను, పెన్షను వస్తోంది.

4. లైసెన్సు లేని కాపరులు ఆ మాట పెళ్ళి నిశ్చయమైన రోజే చెప్పాలి. లైసెన్సు ఉన్నవారు వర్గం చూడకుండా చేయాలి.

5. మంచం మీద ఉన్నవాళ్ళకు బల్ల ఆపొద్దు. ఎవరి మీదైనా క్రమశిక్షణ తీసుకోవాలంటే వాళ్ళ నడవడిక మీద తీసుకోండి, పిలిచి అడిగి, రాసి ఇచ్చి. ఏ కప్పు కింద కూర్చున్నారన్నది నేరం కాదు.

6. కేసు వెనక్కి తీసుకోమని ఒత్తిడి చేయను. సహోదరుల తగువు కోర్టుకెక్కించొద్దని చెప్పే మొదటి కొరింథు ఆరో అధ్యాయం మీకు కంఠతా వచ్చు. కానీ పిడికెడు బియ్యం డబ్బు లాయరుకు ఇవ్వొద్దు. మూడేళ్ళ లెక్క రెండు చోట్లా చదవాలి. చదవకపోతే డబ్బాలు ఇంట్లోనే ఉంటాయి. మా ఆడవాళ్ళం అనుకున్నాం, ఆ బియ్యం నేరుగా డయాలసిస్ ఇళ్ళకు పంపుతాం.

7. మండలాల పాస్టర్ల ఫెలోషిప్పుల వారికి: మీ పరిధిలో ఎక్కడైనా సమాధుల దొడ్డికి తాళం ఉంటే, అది తీయించే దాకా ఈసారి ఐక్య క్రిస్మస్ స్టేజీ వేయకండి. శాలువాలు ఆగుతాయి.

వీటికి గడువు వచ్చే ఈస్టరు. ఆ రోజు తెల్లవారకముందే మన ఊళ్ళలో అందరూ కొవ్వొత్తులు, పూలు పట్టుకుని సమాధుల దగ్గరికి వెళ్తారు. నా భర్త ఆ దొడ్లోనే ఉన్నారు, తూర్పు గోడ పక్కన, వేప చెట్టు కింద. పోయిన ఈస్టరుకు గుడి వర్గం వాళ్ళను పేరు చూసి లోపలికి పంపారు, షెడ్డు వర్గం వాళ్ళు గోడ మీంచి పూలు విసిరారు. నన్ను టీచరమ్మనని పంపించారు. లోపలికి వెళ్ళాను గానీ, గోడ అవతల ఏడుపు వినబడుతుంటే ప్రార్థన సాగలేదు.

ఈసారి రెండు వర్గాల ఆడవాళ్ళమూ కలిసి వస్తాం. మాట్లాడుకున్నాం, ముప్పై నాలుగు మంది ఒప్పుకున్నారు. మామ్మను మంచంతో సహా ఆటోలో తెస్తానని ఆ కుర్రాడు అన్నాడు. తెల్లవారుజామున నాలుగింటికి గేటు దగ్గర ఉంటాం. తీసి ఉంటే లోపల పాడతాం. లేకపోతే రోడ్డు మీద పాడతాం, ఊరంతా వింటుంది, జీడితోట రైతుతో సహా.

తాళం చెవి ఎవరి దగ్గరుందో అందరికీ తెలుసు. ఆ పెద్దాయన నాలుగింటికి రావాలని మా కోరిక.

ప్రభువునందు మీ సహోదరి,
ఒక సంఘ సభ్యురాలు, విశ్రాంత ఉపాధ్యాయిని,
ఉద్దానం, శ్రీకాకుళం జిల్లా